పీహెచ్‌డీని దాచి ఉద్యోగం అడగాలా?

ప్రశ్న: నేను భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాను. జింక్ ఆక్సైడ్ పలుచని పొరలను స్పటరింగ్ పద్ధతిలో (గాలి తీసేసిన గదిలో అణువులను రాల్చి పొరగా పేర్చి) తయారుచేసి, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో వాటి స్ఫటిక నిర్మాణాన్ని పరిశీలించడం నా పరిశోధనాంశం. వయస్సు 32. మూడేళ్లుగా శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాలలో గంటల లెక్కన జీతానికి పాఠాలు చెబుతున్నాను. పైడిభీమవరంలో రెండు మందుల కంపెనీల్లో ప్రాసెస్ ఇంజినీరు ఉద్యోగానికి వెళ్తే, ఒకచోట కెమికల్ ఇంజినీరింగ్ బీటెక్ లేదన్నారు. మరోచోట ‘ఇంత చదివినవారు మా దగ్గర ఎంతకాలం ఉంటారు?’ అన్నారు. పీహెచ్‌డీ ఊసెత్తకుండా ఎమ్మెస్సీ అని మాత్రమే రాసుకోమని మిత్రులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

సమాధానం: దాచవద్దు. మీరు వెళ్లాలనుకుంటున్నది మందుల పరిశ్రమలోకి. అక్కడ ప్రతి విడత తయారీ వివరాలూ రాసే బ్యాచ్ రికార్డులో ఒక్క అంకె తప్పుపడినా, పాత అంకె కనబడేలా ఒకే గీతతో కొట్టి, పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం రాయాలి. దిద్దింది తెలియకుండా చెరిపితే ఉద్యోగానికే ఎసరు వస్తుంది. అటువంటి చోటికి ఐదారేళ్ల చదువును చెరిపేసుకొని వెళ్లడం ఎంత మాత్రమూ తగదు.

రెండో కంపెనీవారి ప్రశ్నలోనూ నాకు తప్పు కనిపించలేదు. ఏడాదిపాటు పని నేర్పాక, లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ పడగానే మీరు వెళ్లిపోతారేమోనని వారి భయం. ఆ ఆశ మీకు నిజంగానే మిగిలి ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోండి.

ఇక అసలు విషయం. మీరు నలభై నమూనాలు తయారుచేసి, వాటిలో చక్కగా కుదిరిన నాలుగింటి మీద థీసిస్ నడిపి ఉంటారు. నేనూ అలాగే నడిపాను. ప్లాంటులో అడిగేది మాత్రం మిగిలిన ముప్పై ఆరు ఎందుకు కుదరలేదని. పలాసలో జీడిపప్పు కార్ఖానా మీరు చూసే ఉంటారు. పిక్కల నుంచి తీసిన పప్పు సరిగా ఆరకపోతే పొట్టు ఊడదు. మరీ ఆరితే ఒలిచేటప్పుడు గుండ్లు (నిండు పప్పులు) పగిలి బద్దలవుతాయి, ధర పడిపోతుంది. పై తట్టలోనూ కింది తట్టలోనూ, వానాకాలంలోనూ వేసవిలోనూ పప్పు ఒకేలా ఆరాలంటే వేడి ఎంత ఉండాలో, గాలి ఎటు తిరగాలో, తట్టలు ఎప్పుడు మార్చాలో తేల్చి, పనిలో ఎవరున్నా అదే ఫలితం వచ్చేలా కట్టుదిట్టం చేయడమే ప్రాసెస్ ఇంజినీరు పని.

మీ భౌతికశాస్త్రం అక్కడ అడుగడుగునా అక్కరకు వస్తుంది. ఒక లీటరు ఫ్లాస్కులో చేసిన చర్యనే, అదే ఆకారంలో ఉన్న వెయ్యి లీటర్ల రియాక్టరులో చేశారనుకోండి. వ్యాసం పది రెట్లు, ఉపరితలం వంద రెట్లు, ఘనపరిమాణం వెయ్యి రెట్లు పెరుగుతాయి. అంటే లీటరు ద్రవానికి వేడిని బయటికి పంపే వైశాల్యం పదో వంతుకు తగ్గిపోతుంది. ఫ్లాస్కులో ఐసు గిన్నెతో అదుపులో ఉన్న చర్య రియాక్టరులో చేయి దాటడానికి ఆ పదో వంతే చాలు. ఇది అర్థం చేసుకోవడానికి మీకు ఐదు నిమిషాలు పట్టదు. అయితే రియాక్టరు చుట్టూ ఉండే జాకెట్ అనే తొడుగులోకి చల్లని నీరు ఎంత పంపాలి, ఏ వాల్వు ముందు తెరవాలి, కరెంటు పోతే ఏమవుతుంది అన్నవి మీరు చదవలేదు. కాబట్టి బీటెక్ లేదన్న మొదటి కంపెనీవారి మాటలోనూ నిజం ఉంది. ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ద్రవ్యరాశి, శక్తి లెక్కలతో మొదలుపెట్టి, వేడి బదిలీ, స్ఫటికీకరణ, వడపోత, ఆరబెట్టడం వరకు ఆరునెలలు శ్రద్ధగా చదవండి.

ఆ చదువుతోపాటు ప్రాసెస్ నియంత్రణకు వాడే గణాంకశాస్త్రం కూడా నేర్చుకోండి. దానికి పునాది వేసింది మీవంటివాడే. 1917లో బర్క్‌లీలో భౌతికశాస్త్ర డాక్టరేట్ పొందిన వాల్టర్ షూహార్ట్, టెలిఫోన్ పరికరాల కంపెనీలో తనిఖీ ఇంజినీరుగా పనిచేస్తూ 1924 మే నెలలో తొలి కంట్రోల్ చార్టు గీశాడు. మామూలుగా వచ్చే హెచ్చుతగ్గులను, ఏదో కారణంవల్ల వచ్చిన తేడాను వేరుచేసి చూపే ఆ గీతలే నేటికీ ప్లాంట్లలో వాడుకలో ఉన్నాయి.

మీరు తట్టవలసిన తలుపు వేరే ఉందని నా అభిప్రాయం. ప్రాసెస్ ఇంజినీరు పోస్టుకు బీటెక్ వారితో పోటీపడకుండా, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ దారిలో వెళ్లండి. ఒకే మందు అణువు వేర్వేరు స్ఫటిక రూపాల్లో గట్టిపడవచ్చు. రూపం మారితే కరిగే తీరూ మారుతుంది. రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందులో, మార్కెట్లోకి వచ్చిన రెండేళ్లకు, 1998లో అంతకుముందు ఎరుగని, తక్కువగా కరిగే రూపం ఊడిపడింది. క్యాప్సూళ్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. స్ఫటికీకరణలో ఎంత వేగంగా చల్లార్చారు, ఎంత వేడిలో ఆరబెట్టారు, ఎంత మెత్తగా పొడి చేశారు అన్నవాటిని బట్టి రూపం మారే వీలుంది గనుక, డిఫ్రాక్షన్ గ్రాఫులో కొత్త పీకు (శిఖరం) కనబడితే దాని మూలాన్ని ప్లాంటులో వెతకవలసిందే. ఆ గ్రాఫు చదవడం మీకు కొట్టినపిండి. ముందు ఆర్‌అండ్‌డీలోని ఘనస్థితి విశ్లేషణ విభాగంలో చేరి, అక్కడినుంచి ల్యాబులో చేసినదాన్ని ప్లాంటు స్థాయికి పెంచే స్కేలప్ బృందంలోకి జరగడం మీకు సులువు. ఇంజెక్షన్ మందులను గడ్డకట్టించి ఆరబెట్టే ఫ్రీజ్ డ్రయ్యర్ల పని కూడా మీకు పరాయిది కాదు. మంచు కరగకుండా నేరుగా ఆవిరవ్వాలంటే పీడనం 611 పాస్కళ్లకు దిగువన ఉండాలి. స్పటరింగ్‌లో మీరు ఒకటి రెండు పాస్కళ్ల దగ్గర పనిచేసినవారే కదా.

రెజ్యూమెలో మొదటి పేజీ నుంచి వ్యాసాల జాబితా తీసేయండి. వ్యాక్యూమ్ పంపు మొరాయిస్తే లీకు ఎలా పట్టుకున్నారో, పొర మందం నమూనా నమూనాకూ ఎంత తేడా వచ్చేదో, దాన్ని ఎంతకు తగ్గించారో అంకెలతో రాయండి. మీకంటే చిన్నవారి కింద పనిచేయవలసి వస్తుంది. మొదటి జీతం మీ చదువుకు తగినట్లు ఉండకపోవచ్చు. ఎంతకాలం ఉంటారని మళ్లీ అడిగితే, చెప్పగలిగినన్ని ఏళ్లే చెప్పండి. రాత్రి షిఫ్టు సంగతి కూడా తప్పక అడుగుతారు. ఆమదాలవలస నుంచి పైడిభీమవరానికి రోజూ ఎలా వచ్చిపోతారో ఇంట్లోవారితో ముందే మాట్లాడుకొని వెళ్లండి.