ఉచిత మార్కెట్ అనవచ్చా?

సందేహం: మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా. రైతుల గురించి మరాఠీలో వచ్చిన ఒక కరపత్రాన్ని ఇక్కడి తెలుగువాళ్ల కోసం తెలుగు చేశాం. అందులో ఒక వాక్యం: 'రైతుకు ఉచిత మార్కెట్ కావాలని ఉదారవాదులు అంటారు.' మరాఠీలో ఉన్నది 'ఖులా బాజార్'. ఉదారవాది అన్నది లిబర్టేరియన్‌కు, అంటే ప్రభుత్వ జోక్యం తగ్గాలనేవాడికి, మేం పెట్టిన మాట. రెండూ తప్పని మా మాస్టారు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: మొదటిది తప్పే. రెండోది పూర్తిగా తప్పు కాదు గానీ, మీరు చెప్పదలచుకున్నవాళ్లు ఆ మాటలో సరిగా కనబడరు.

ఇంగ్లీషు ఫ్రీకి డబ్బు అక్కర్లేదన్న అర్థమూ ఉంది, అడ్డు లేదన్న అర్థమూ ఉంది. తెలుగులో ఇవి వేరువేరు మాటలు. డబ్బు లేకుండా దొరికేది ఉచితం, మీ వైపు మాటలో 'ఫుకట్'. అడ్డు లేకపోవడం స్వేచ్ఛ. ఫ్రీ మార్కెట్‌ను ఉచిత మార్కెట్ అంటే ఫుకట్ బజార్ అన్నట్టే. పైగా ఫ్రీ మార్కెట్ కావాలనే సిద్ధాంతం వాళ్లు గట్టిగా కాదనేది ఆ ఫుకట్‌నే. ఆ సిద్ధాంతం చెప్పిన అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1975లో వేసిన ఒక పుస్తకం పేరుకు అర్థమే 'ఉచిత భోజనం అంటూ ఏదీ లేదు' అని. తినేవాడు కట్టకపోతే ఇంకెవరో కడుతున్నారని ఆయన వాదన. మరాఠీ బడిలో చదివిన మీ పిల్లలకు ఇంకో చిక్కుంది. మరాఠీలో ఉచిత్ అంటే తగినది. తెలుగులోనూ సముచితం, అనుచితం, యథోచితం లాంటి మాటల్లో ఆ అర్థమే నిలిచింది. ఉచిత మార్కెట్‌ను వాళ్లు 'తగిన మార్కెట్' అనుకుంటే వాళ్ల తప్పేమీ లేదు.

ఖులా బాజార్‌కు తెలుగు పత్రికలు ఎప్పటినుంచో వాడుతున్న మాట 'బహిరంగ మార్కెట్'. సర్కారు కొనుగోలుకు బయట జరిగే అమ్మకం అది. 'స్వేచ్ఛా మార్కెట్' అంతకన్నా పెద్ద మాట. ఈ తేడా మీకు పత్తితో చెబితే బాగా తెలుస్తుంది. 1972లో మహారాష్ట్ర ప్రభుత్వం ఏకాధికార్ యోజన తెచ్చింది. రైతు తన పత్తిని సర్కారుకే అమ్మాలి. బయట ధర బాగున్న ఏడు పత్తి దొంగచాటుగా సరిహద్దు దాటేది. అప్పుడు చట్టం ప్రకారం మీకు బహిరంగ మార్కెట్ లేనట్టే. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) మద్దతు ధరకు కొంటుంది, వద్దనుకుంటే ప్రైవేటు వ్యాపారికి అమ్మొచ్చు. అంటే బహిరంగ మార్కెట్ ఉంది. కానీ 2010లోనూ 2012లోనూ కేంద్రం పత్తి ఎగుమతులను ఆపేసింది. అలా ఆపే అధికారం ఉన్నంతకాలం దాన్ని స్వేచ్ఛా మార్కెట్ అనరు ఆ సిద్ధాంతం వాళ్లు. మీ కరపత్రం ఏది అడుగుతోందో చూసుకుని మాట ఎంచుకోండి.

మీ ప్రాంతంలో శరద్ జోషి పేరు తెలియని పత్తి రైతు ఉండడు. ఆయన పెట్టిన రైతు సంఘం షేత్కరీ సంఘటన నినాదం 'భీక్ నకో, హవే ఘామాచే దామ్'. బిచ్చం వద్దు, మా చెమటకు ధర కావాలి అని. ఉచితానికీ స్వేచ్ఛకూ ఎంత దూరమో ఈ నాలుగు ముక్కల్లో ఉంది. వాళ్ల మాటను 'ఉచిత' అని తెలుగు చేస్తే వాళ్లు వద్దన్నదాన్నే వాళ్ల చేత అడిగించినట్టవుతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

ఇక ఉదారవాది. తెలుగులో ఉదారుడంటే ఇచ్చే చెయ్యి ఉన్నవాడు. లిబరల్‌కు ఉదారవాది అన్నది స్థిరపడింది కాబట్టి దాన్ని కదపనక్కర్లేదు. అయితే 20వ శతాబ్దంలో అమెరికాలో లిబరల్ అన్న మాట ప్రభుత్వం సంక్షేమం చూడాలనేవాళ్లకు వెళ్లిపోయింది. ప్రభుత్వం జోక్యం తగ్గాలనే పాత బాటవాళ్లు తమకు లిబర్టేరియన్ అని పేరు పెట్టుకున్నారు. అంతకుముందు, 1858లోనే, జోసెఫ్ దెజాక్ అనే ఫ్రెంచి అరాచకవాది తన పత్రికకు ఆ మాట పెట్టాడు. ఈ పాత బాటవాడే అయిన ఆర్థికవేత్త హయెక్‌కు ఆ పేరు నచ్చలేదు. అయినా అదే నిలిచింది. కాబట్టి తెలుగులోనూ వేరే మాట కావాలి. 'స్వాతంత్ర్యవాది' అంటే మనకు 1947కు ముందటి ఉద్యమమే గుర్తొస్తుంది. 'స్వతంత్ర' అన్నది 1959లో రాజాజీ, ఎన్.జి. రంగా వంటివారు పెట్టిన పార్టీ పేరు. ఆ పార్టీ సహకార సేద్యాన్నీ లైసెన్సులనూ ఎదిరించిన మాట నిజమే గానీ, అందులో ఉన్నవాళ్లందరూ లిబర్టేరియన్లు కారు. మిగిలింది స్వేచ్ఛావాది. దాన్నే వాడండి.

స్వేచ్ఛ అంటే విచ్చలవిడితనం అని కొందరు అభ్యంతరం చెబుతారు. పాత తెలుగులో ఆ ఛాయ ఉంది. కానీ బలవంతాన్నీ దొంగతనాన్నీ మోసాన్నీ ఆపడం, ఒప్పందాలు నిలబెట్టడం రాజ్యం పని అని ఈ వాదం చెప్పిన అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో స్పష్టంగానే రాశాడు. ఈ వాదాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా దాన్ని దాని పేరుతో పిలిచి, ఆ తర్వాత విమర్శించడం మర్యాద. ఇలాంటి మార్కెట్ విధానాలకు వినబడే 'నయా ఉదారవాదం' (నియోలిబరలిజం) ఎక్కువగా విమర్శకుల మాట. వాళ్ల మాటగా చెప్పేటప్పుడు వాడవచ్చు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: 'రైతు తన పంటను కోరుకున్నచోట, కొనేవాడితో కుదిరిన ధరకు అమ్ముకునే స్వేచ్ఛ ఉండాలని స్వేచ్ఛావాదులు అంటారు.' అచ్చుకు ఇచ్చేముందు 'స్వేచ్చ' అని పడిందేమో చూడండి. చకారం కింద ఛ వత్తే ఉండాలి.