టోర్నీ మానేయాల్సింది ఆటగాళ్లా, ఆపాల్సింది సమాఖ్యలా?

"మానవ హక్కుల్ని తొక్కేసే దేశంలో ప్రపంచ పోటీలు పెడితే మనవాళ్లు వెళ్లకుండా ఉండాలా? వెళ్లకపోతే ఏమైనా మారుతుందా?" అని అడిగారు. ఒలింపిక్స్, ఫుట్‌బాల్ సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెస్ గురించే చెబుతాను. గుంటూరు, విజయవాడల్లో పిల్లల్ని టోర్నీలకు తిప్పేవాళ్లకు ఇది ఎక్కడో జరిగే గొడవ కాదు. హంపి, హారిక మన మధ్య నుంచి వెళ్లినవాళ్లే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బహిష్కరణ బరువు ఆటగాళ్ల నెత్తిన పెట్టకూడదు. వేదిక ఎక్కడో తేల్చే రోజున దేశాల సమాఖ్యలు చేయాల్సిన పని అది. ఆ రోజు నోరు మెదపకుండా ఊరుకుని, తర్వాత ఒక అమ్మాయిని పట్టుకుని "నువ్వెందుకు వెళ్తున్నావు?" అని నిలదీయడం అన్యాయం.

2017 మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ తెహ్రాన్‌లో జరిగింది. 64 మంది, నాకౌట్ పద్ధతి, తలకు స్కార్ఫ్ తప్పనిసరి. 2016 సెప్టెంబరులో బాకూ సమావేశంలో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే దీన్ని ఇరాన్‌కు ఇచ్చేసింది. వేరే దేశమేదీ ముందుకు రాలేదు. హాజరైన సమాఖ్యల్లో ఒక్కటి కూడా అభ్యంతరం చెప్పలేదని ఫిడేయే తర్వాత ప్రకటించింది. గోలంతా ఆ తర్వాత మొదలైంది. అప్పటి అమెరికా ఛాంపియన్ నాజీ పైకిడ్జే వెళ్లనని చెప్పి మానేసింది. మన గుంటూరు హారిక వెళ్లింది. సెమీస్‌లో చైనా అమ్మాయి టాన్ చోంగ్‌యీతో పోరు ఆర్మగెడాన్ అనే ఆఖరి తేల్చుడు గేమ్ దాకా వెళ్లింది. అంటే తెల్లపావులకు 5 నిమిషాలు, నల్లపావులకు 4, డ్రా అయితే నల్లపావుల వాళ్లే గెలిచినట్టు. అంత తక్కువ టైములో స్కార్ఫ్ జారితే, సర్దుకునే రెండు సెకన్లు కూడా గడియారంలో నుంచే పోతాయి. హారిక అక్కడ ఓడి కాంస్యంతో తిరిగొచ్చింది, అది ఆమెకు మూడో కాంస్యం. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

ఎందుకంటే ఒక్కరు మానేస్తే జరిగేది ఇది. ఆడని గేములకు రేటింగ్ తగ్గదు, అంతవరకే ఊరట. కానీ ఏళ్ల తరబడి ఆడి సంపాదించుకున్న క్వాలిఫికేషన్ పోతుంది, ప్రైజ్ మనీ పోతుంది. ముందే తప్పుకుంటే ఆ చోటులోకి రిజర్వ్‌లో ఉన్నవాళ్లు వస్తారు. బోర్డు ఖాళీగా ఉండదు కాబట్టి నిర్వాహకులకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

దీనికి ఉక్రెయిన్ అమ్మాయి అన్నా ముజిచుక్‌ను మించిన ఉదాహరణ లేదు. తక్కువ టైములో ఆడే ర్యాపిడ్, ఇంకా తక్కువ టైములో ఆడే బ్లిట్జ్, 2016లో రెండింటిలోనూ ఆమే ప్రపంచ ఛాంపియన్. 2017 డిసెంబరులో ఆ పోటీలు సౌదీలోని రియాద్‌కు వెళ్లాయి. ఆడేటప్పుడు స్కార్ఫ్ అక్కర్లేదని ఫిడే ఒప్పించినా, బయట తిరగడానికి కూడా వేరేవాళ్ల షరతులేమిటని ఆమె వెళ్లలేదు. వారం తిరక్కుండా రెండు టైటిళ్లూ పోయాయి. ఎవరూ పట్టించుకోకపోవడమే ఎక్కువ బాధగా ఉందని ఆమే రాసుకుంది. మిగతా ఛాంపియన్లు, ఆమె సొంత సమాఖ్య, ఫిడే కలిసి నిలబడి ఉంటే ఆ మాట రాయాల్సి వచ్చేదా?

మరి కదిలింది ఎక్కడ? అదే రియాద్‌లో ఇజ్రాయెల్ ఆటగాళ్లకు వీసాలు ఇవ్వలేదు. మరుసటి ఏడాది వాళ్లకు వీసా హామీ రాకపోయేసరికి ఫిడే టోర్నీని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు మార్చేసింది. 2019లో మాస్కో. టోర్నీ పేరులో సౌదీ రాజు సల్మాన్ అలాగే ఉన్నాడు, వేదిక మాత్రం మారింది. అంటే "హక్కులు గౌరవించండి" అనే గాలి మాటకు కాకుండా, ఇచ్చారా లేదా అని చూసుకోగల షరతుకు పని జరిగింది, అదీ పై సంస్థ అడిగితేనే.

ఆ మాస్కోలోనే హంపి ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. ఇక్కడ మనం పండగ చేసుకున్నాం. అదే పోటీల్లో ఇరాన్ అమ్మాయి మిత్రా హెజాజీపూర్ స్కార్ఫ్ తీసేసి ఆడింది, వెంటనే ఆమెను జాతీయ జట్టు నుంచి తీసేశారు. ఇప్పుడు ఫ్రాన్స్ తరఫున ఆడుతోంది. ఇదే మిత్రా 2016లో తెహ్రాన్ పోటీని బహిష్కరించమనడం సరికాదనీ, మా దేశపు ఆడవాళ్లకు అదొక అవకాశమనీ చెప్పింది. దెబ్బలు తినేవాళ్లు ఏమంటున్నారో అడక్కుండా బయటివాళ్లం తీర్పులు చెప్పేస్తుంటాం. వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికా విషయంలో అక్కడి నల్లజాతి ఉద్యమమే రావద్దని ప్రపంచాన్ని కోరింది. ఆ దేశంతో ఆడాల్సిన 1974 డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌ను మన దేశమే వదులుకుంది. అమృతరాజ్ సోదరులకు కప్పు పోయింది, నిజమే, కానీ ఆ నిర్ణయం దేశం పేరు మీద ఉంది.

ఇక మన ఊళ్లో తల్లిదండ్రులు చేయగలిగింది. పతకం వస్తే గన్నవరంలో దండలు వేసి ఫొటోలు దిగే పెద్దలు, టికెట్ డబ్బులు ఇంటివాళ్లు పెట్టుకున్నప్పుడు కనపడరు. అందుకే కాగితాలు మనమే చూసుకోవాలి. 2018లో మన క్రీడాకారిణి సౌమ్యా స్వామినాథన్ జట్టులో ఆడతానని ఒప్పుకున్నప్పుడు ఆసియా జట్టు పోటీలు బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. తర్వాత ఇరాన్‌లోని హమదాన్‌కు మారాయి. స్కార్ఫ్ కట్టుకోనని ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి సమ్మతి పత్రంలో "వేదిక మారితే మళ్లీ అడగాలి" అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టండి. టోర్నీ నియమాలుండే ప్రాస్పెక్టస్‌లో డ్రెస్ కోడ్, వీసా పేరాలు ముందు చదవండి. మానేయాలనుకుంటే పెయిరింగ్స్ (ఎవరితో ఎవరు ఆడాలనే జతలు) వేయకముందే సమాఖ్య ద్వారా రాతపూర్వకంగా చెప్పండి. వేశాక రాకపోతే ఎదుటివాళ్లకు వాకోవర్, మీకు చెడ్డపేరు.

ఫిడే సర్వసభ్య సమావేశంలో చిన్న దేశానికైనా పెద్ద దేశానికైనా ఒకే ఓటు. ఆ సమావేశానికి ముందే జిల్లా సంఘం నుంచి రాష్ట్ర సంఘానికి, అక్కణ్నుంచి జాతీయ సమాఖ్యకు ఉత్తరం వెళ్లాలి. అందులో రెండే ప్రశ్నలు చాలు: అందరికీ వీసా ఇస్తామని ఆతిథ్య దేశం రాసిచ్చిందా, ఆడపిల్లల బట్టల మీద హాల్లోనూ బయటా షరతులున్నాయా? జవాబు వచ్చేదాకా మన ప్రతినిధి చెయ్యెత్తకూడదు.