‘పే’ బటన్ నొక్కే ముందు ఒక్కసారి ఆగు

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నీ టెన్షన్ తప్ప ఏమీ వినపడలేదు. రెండోసారికి విషయం తేలింది. గంటకి 60 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 78లో వెళ్తున్నావని సిటీ పోలీసు స్పీడింగ్ టికెట్ రాశాడు. పక్క లేన్‌లో వెళ్తున్న పికప్ ట్రక్కు స్పీడు నీ నెత్తిన వేశాడని నువ్వంటున్నావు. నీ రూమ్మేట్ "కట్టేసి వదిలించుకోరా" అన్నాడట. వాట్సాప్ గ్రూపులో ఇంకెవరో "కోర్టుకెళ్లు, ఆఫీసర్ రాడు, కేసు కొట్టేస్తారు" అన్నారట. ఈ రెండు మాటలూ నేను ఇరవై రెండేళ్లుగా ఇక్కడ వింటూనే ఉన్నాను. నేను అకౌంట్స్ మనిషిని, లాయర్ని కాను. కానీ ఈ టెక్సాస్‌లో నాకు నాలుగు టికెట్లు వచ్చాయి. ఒకటి పోరాడి ఓడాను, ఒకటి పోరాడి గెలిచాను. మీ పెదనాన్నకి ఈ లెక్కంతా నోటికొచ్చు, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ వినిపిస్తారు.

ముందు టికెట్ తీసి, కోర్టుకి జవాబు చెప్పాల్సిన ఆఖరి తేదీ ఎక్కడుందో చూడు. ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకో, ఫ్రిజ్ మీద కూడా అంటించు. ఎందుకింత చెప్తున్నానంటే, నువ్వు హైదరాబాద్‌లో బండి నడిపినవాడివి. చలాన్లు పేరుకుపోనిచ్చి, ప్రభుత్వం డిస్కౌంట్ ఇచ్చినప్పుడు ఒకేసారి కట్టే అలవాటు మనవాళ్లందరిదీ. 2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం తగ్గించారు. అప్పుడు నువ్వు కట్టింది వందల్లోనే అని మీ అమ్మ ఫోన్‌లో గొప్పగా చెప్పింది కూడా. ఇక్కడ ఆ పప్పులుడకవు. తేదీ దాటిందంటే వారెంటు రావచ్చు, లైసెన్స్ రెన్యువల్ ఆగిపోవచ్చు. స్పీడింగ్ టికెట్ చిన్న విషయమే. వారెంటు చిన్న విషయం కాదు, అందులోనూ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న కుర్రాడికి.

నువ్వు టికెట్ మీద సంతకం పెట్టానని బెంగపడుతున్నావు. ఆ సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, జవాబు చెప్తానని ఇచ్చిన మాట, అంతే. తప్పు ఒప్పుకోవడం అసలు ఎక్కడ జరుగుతుందో తెలుసా? వెబ్‌సైట్‌లో డబ్బు కట్టే దగ్గర. మనం "కట్టేశాను, పీడా పోయింది" అనుకుంటాం. కోర్టు లెక్కలో అది "నేను వాదించను, శిక్ష వేసుకోండి" అని చెప్పినట్టు. దాన్ని ఇక్కడ నోలో కంటెండరే అంటారు. కన్విక్షన్, అంటే నేరం రుజువైనట్టు తీర్పు, పడి నీ డ్రైవింగ్ రికార్డులోకి ఎక్కుతుంది, మామూలుగా ఇన్సూరెన్స్ వాళ్లు మూడేళ్ల వరకు దాన్ని చూస్తారు. జరిమానా గరిష్ఠం 200 డాలర్లే, పైన కోర్టు ఖర్చులు. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ ప్రీమియంలో తగులుతుంది. నీ వయసు కుర్రాళ్ల ప్రీమియం ముందే ఎక్కువ కదా. కాబట్టి రూమ్మేట్ మాట పక్కన పెట్టు.

ఇక రెండో మాట, ఆఫీసర్ రాడన్నది. నా మొదటి టికెట్‌కి దీన్ని నమ్మే కోర్టుకెళ్లాను. 65లో 79 అని రాశాడు. అంత వెళ్లలేదని నాకు గట్టి నమ్మకం, దాన్ని మించి కోపం. మీ పెదనాన్న వద్దన్నారు. మా నాన్న, అంటే మీ తాతయ్య, ఎప్పుడూ ఒక సామెత చెప్పేవారు: ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. అదీ గుర్తొచ్చింది. అయినా ఆఫీసుకి సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. లోపలికి వెళ్లేసరికి ముందు వరసలో కూర్చుని ఉన్నాడు మహానుభావుడు, చేతిలో ఫైలుతో. చాలా ఊళ్లలో ఆఫీసర్ల కేసులన్నీ ఒకే రోజు పెడతారని నాకప్పటికి తెలియదు. ఒకవేళ రాకపోయినా కేసు దానంతటదే పోదు, ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్ వాయిదా అడగొచ్చు.

అతను వచ్చి రాడార్ ఎలా పెట్టాడో, ముందూ వెనకా ఎలా సరిచూసుకున్నాడో రెండు నిమిషాల్లో చెప్పాడు. నన్ను ప్రశ్నలేమైనా ఉన్నాయా అని జడ్జి అడిగితే లేవన్నాను. ఏం అడగాలో తెలిస్తే కదా! తర్వాత నేను చెప్పుకోవచ్చన్నారు. చెప్పకుండా ఊరుకునే హక్కు కూడా నాకుంది, కానీ అంత దూరం వెళ్లి నోరు మూసుకుని కూర్చునే రకం కాదు మీ పెద్దమ్మ. "79 అబద్ధమండీ, నేను మహా అయితే 72లో వెళ్తున్నాను" అన్నాను. ప్రాసిక్యూటర్ మర్యాదగా నవ్వి, "అంటే 65 కన్నా ఎక్కువేనన్నమాట" అన్నాడు. అయిపోయింది. నా కేసు నేనే ఓడగొట్టుకున్నాను. జరిమానా కట్టి, సెలవు పోగొట్టుకుని, తర్వాత ప్రీమియం కూడా పెంచుకున్నాను. ఆ రోజుల్లో లైసెన్స్ మీద పాయింట్లు కూడా పడేవి. ఆ పద్ధతిని 2019 సెప్టెంబరులో ఎత్తేశారు, నువ్వు అదృష్టవంతుడివి. కానీ పన్నెండు నెలల్లో నాలుగు మూవింగ్ టికెట్లకి, అంటే బండి నడపడంలో చేసిన తప్పులకి, శిక్ష పడితే లైసెన్స్ ఆపేస్తారు, అది అలాగే ఉంది.

ఆ రోజు నుంచీ ఎవరడిగినా నేను మొదట ఒకటే ప్రశ్న వేస్తాను. నిన్నూ అదే అడుగుతున్నాను. కారు ఆపాక ఆఫీసర్ "ఎందుకు ఆపానో తెలుసా?" అంటే నువ్వేమన్నావు? సారీ, కొంచెం స్పీడుగా వచ్చాను, 70 దాటిందేమో అన్నావా? అని ఉంటే, ఆ మాట అతని ఒంటి మీది బాడీ కెమెరాలో ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు పికప్ ట్రక్కు కథ నిజమైనా కోర్టులో నిలబడదు. నాకు ఉన్నదున్నట్టు చెప్పు, నేను మీ అమ్మకి చెప్పను.

నువ్వేమీ ఒప్పుకోలేదనుకుందాం. ఇంకా రెండు విషయాలు చూడాలి. స్పీడు ఎలా కొలిచాడు? రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ బాగా విచ్చుకుంటుంది, పక్కపక్కన రెండు బళ్లుంటే ఏది ఎవరిదన్న సందేహానికి చోటుంటుంది. లేజర్ కిరణం అలా కాదు, సన్నగా ఒక్క బండి మీదే పడుతుంది. లేజర్ అయితే నీ పికప్ ట్రక్కు వాదన బలం చాలా తగ్గిపోతుంది. రెండోది, ఆ ట్రక్కు ఉందని నీ దగ్గర ఏముంది? కారులో డాష్‌క్యామ్, అంటే రోడ్డుని రికార్డు చేసే కెమెరా, ఉందా? పక్కన ఎవరైనా కూర్చున్నారా? నీ మాట ఒక్కటే ఉంటే, ఎదురుగా యూనిఫాంలో ఉన్న మనిషి మాట ఉంటుంది, జడ్జి ఎవర్ని నమ్ముతాడో నువ్వే ఆలోచించు.

నేను గెలిచిన కేసు సంగతి చెప్తాను, తేడా తెలుస్తుంది. ఒక కాలనీ రోడ్డు 45 నుంచి 35కి తగ్గుతుంది. 35 బోర్డు ఓక్ చెట్టు కొమ్మల వెనక పూర్తిగా దాక్కుంది. టికెట్ వచ్చిన సాయంత్రమే మీ పెదనాన్నని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి, నేను పక్క సీట్లోంచి వరసగా ఫొటోలు తీశాను, బోర్డుకి రెండు వందల అడుగుల దూరం నుంచి దగ్గరికొచ్చేదాకా. వారం ఆగి ఉంటే కొమ్మలు కొట్టేసేవాళ్లు. నాట్ గిల్టీ అని రాసి పంపితే ప్రాసిక్యూటర్‌తో మాట్లాడుకోమని ఒక తేదీ ఇచ్చారు. ఆయన ఫొటోలు అటూ ఇటూ తిప్పి చూసి కేసు తీసేశాడు. జడ్జిదాకా కూడా వెళ్లలేదు. పోరాడాలంటే అలాంటి సరుకు చేతిలో ఉండాలి.

నీకో ధర్మసందేహం వస్తుందని నాకు తెలుసు, తాతయ్య దగ్గర పెరిగినవాడివి కదా. నిజంగా కాస్త స్పీడుగా వెళ్లి నాట్ గిల్టీ అంటే అబద్ధం కాదా అని. కాదు నాన్నా. ఆ మాటకి అర్థం "నేను ఏ తప్పూ చేయలేదు" అని కాదు, "మీరు రుజువు చెయ్యండి" అని. రుజువు చేసే బరువు ప్రభుత్వానిదే, అదీ సందేహానికి తావు లేకుండా. వీడియో, రాడార్ రికార్డులు అడిగి తీసుకోవచ్చు. ఇంత చిన్న టికెట్‌కి కూడా టెక్సాస్‌లో ఆరుగురు జ్యూరీ ముందు విచారణ అడిగే హక్కుంది, మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. ఇంకో విచిత్రం: ఇక్కడి చట్టంలో బోర్డు మీది అంకె దాటితే ఆ స్పీడు ప్రమాదకరమని పైకి కనిపించే సాక్ష్యం మాత్రమే. పరిస్థితుల్ని బట్టి ఆ స్పీడు సబబేనని వాదించొచ్చు. ఖాళీ రోడ్డు, పొడి వాతావరణం అయితే కొందరు అలా నెగ్గుతారు. సాయంత్రం ఆరింటికి డల్లాస్ ట్రాఫిక్‌లో 78ని సబబని ఒప్పించగల మొనగాణ్ణి నేనైతే చూడలేదు. ఇదంతా నీ హక్కు. కానీ సాక్షి పెట్టెలో ప్రమాణం చేశాక చెప్పే మాట వేరు, అక్కడ అబద్ధమాడితే నేను కూడా నీ పక్కన ఉండను.

ఇప్పుడు నీ టికెట్‌కి నేనైతే ఏం చేస్తానో చెప్తాను. డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు అడుగుతాను. 25 మైళ్లకి తక్కువే కదా నువ్వు దాటావంటున్నది, 18. జూన్‌లో టెక్సాస్ లైసెన్స్ తీసుకున్నావు, ఇన్సూరెన్స్ ఉంది, గత పన్నెండు నెలల్లో కోర్సు వాడుకోలేదు. అక్కడ రోడ్డు పని చేసేవాళ్లెవరూ లేరన్నావు. ఇవన్నీ ఉన్నవాడికి కోర్సు హక్కు, జడ్జి దయ కాదు. నోలో అని రాసి, కోర్సు కావాలని ఆ తేదీలోపే అడగాలి. ఆరు గంటల కోర్సు, ఆన్‌లైన్‌లో పైజామాలో కూర్చుని చేసుకోవచ్చు, 25 డాలర్ల నుంచీ ఉన్నాయి. కోర్టు ఖర్చులు మాత్రం తప్పవు. తొంభై రోజుల్లో సర్టిఫికెట్, దాంతోపాటు 3ఏ అనే రకం డ్రైవింగ్ రికార్డు కాపీ తెప్పించి ఇవ్వాలి. ఈ 3ఏ మర్చిపోయే చాలామంది చివర్లో పరుగులు పెడతారు. అంతా అందితే కేసు కొట్టేస్తారు, కన్విక్షన్ ఉండదు.

డిఫర్డ్ డిస్పొజిషన్ అని ఇంకోటి ఉంది. డబ్బు కట్టి, ఆరు నెలల్లోపు వాళ్లు చెప్పినంత కాలం ఇంకో టికెట్ లేకుండా ఉంటే కేసు తీసేస్తారు. అయితే ఇరవై అయిదేళ్లలోపు వాళ్లకి అందులోనూ ఆ కోర్సే చేయమంటారు. నీకు ఇరవై నాలుగు. కాబట్టి అది ఇప్పుడు వద్దు, కోర్సు ఇప్పటికే వాడేసుకున్నవాళ్లకి పనికొస్తుంది.

మరి ముందు పోరాడి, ఓడితే కోర్సు చేద్దామంటావేమో. అక్కడే ఉంది మెలిక. ఆ తేదీ దాటాక కోర్సు నీ హక్కు కాదు, జడ్జి ఇష్టం. డాష్‌క్యామ్‌లో ఆ ట్రక్కు నిన్ను దాటుకుని దూసుకెళ్లడం కనపడితే మాత్రం నా సలహా మారిపోతుంది. అప్పుడు నాట్ గిల్టీ అను, టికెట్ కేసులు చూసే లాయర్‌తో ఒకసారి మాట్లాడు. టికెట్ వచ్చాక అలాంటి లాయర్ల ప్రకటనలు ఇంటికి కట్టలకొద్దీ వస్తాయి, కంగారుపడకు, కోర్టు నుంచి వచ్చినవి కావవి.

వీసా సంగతి. మామూలు స్పీడింగ్ టికెట్‌తో నిన్నెవరూ పంపించెయ్యరు. తాగి నడపడం వేరు, దాని జోలికి నువ్వు పోవని నా ధైర్యం. అయితే 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల వివరాలు ప్రభుత్వం దగ్గర ఉండేవి, ఉన్నట్టుండి ఆపేశారు. చిన్నచిన్న కేసులున్నవాళ్లు, కేసు కొట్టేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెల చివర్లో తిరిగి పెట్టారు. అందుకే కేసు మూసేశారని కోర్టు ఇచ్చే కాగితాన్ని సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టుకో, స్కాన్ కూడా చెయ్. రేపు ఏదైనా ఫారంలో సైటేషన్, అంటే ఇలాంటి టికెట్, గురించి అడిగితే, కొట్టేశారు కదా అని "లేదు" అని రాయకు. ఏది ఎలా రాయాలో మీ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు వాళ్లనీ, ఇమిగ్రేషన్ లాయర్‌నీ అడుగు, నన్ను కాదు.

నా నాలుగో టికెట్ రిజిస్ట్రేషన్ గడువు దాటిందని. స్టిక్కర్ కొత్తది వేయించి చూపిస్తే 20 డాలర్లు తీసుకుని కొట్టేశారు. నీ కారు అద్దం మీది స్టిక్కర్ కూడా ఓసారి చూసుకో, పోయిన నెల మా ఇంటికొచ్చినప్పుడు నాకెందుకో అనుమానంగానే అనిపించింది.

టికెట్ రెండు వైపులా ఫొటో తీసి పంపు, వెనకవైపు చిన్న అక్షరాలు కూడా కనపడాలి. కారులో డాష్‌క్యామ్ ఉంటే ఈ రాత్రే ఆ కార్డు బయటికి తీసెయ్, పాతవాటి మీద కొత్తవి రికార్డయిపోతాయి. ఆదివారం భోజనానికి వచ్చెయ్, కోర్టు ఫారం ఇక్కడే కూర్చుని నింపుదాం. గోంగూర పచ్చడి చేశాను.

మీ పెద్దమ్మ