ఇల్లు మారాక బియర్డెడ్ డ్రాగన్ (పెంపుడు బల్లి) తిండి మానేసింది, ఏం చేయాలి?

ముందు హీట్ లైట్, యూవీబీ లైట్ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది) పాత చోట ఉన్నట్టే పెట్టేసి, ఓ వారం రెండు వారాలు దాన్ని పెద్దగా ఎత్తుకోకుండా వదిలేయండి, చాలావరకు అదే సర్దుకుంటుంది. దానికి ఒంట్లో వేడి బయట్నుంచే రావాలి, లైట్ కింద 38 నుంచి 42 డిగ్రీలు లేకపోతే తిన్నది అరగదు, పైగా కొత్త చోటు భయం, అందుకే పొట్ట మీద నల్లచారలొచ్చి ఓ మూల నక్కుతుంది. ఉదాహరణకి ట్యాంక్ ఇప్పుడు కిటికీ ఎదురుగా ఉండి, అద్దంలో తన నీడే చూసుకుని గోళ్ళతో గీకుతుంటే, మూడు వైపులా పేపర్ అంటించండి చాలు. చాలామంది ఆకలితో చచ్చిపోతుందేమో అని నోరు తెరిచి కుక్కుతారు, అది తప్పు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద డ్రాగన్ కొన్ని రోజులు తినకపోయినా ఏం కాదు. పిల్లదైతే మాత్రం, లేదా కళ్ళు లోపలికి పోతే, వెంటనే వెట్‌కి చూపించండి.