తప్పని తెలిసిన పరమాణువుని ఎందుకు చదవాలి?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. థామ్సన్ నమూనా, రూథర్‌ఫర్డ్ నమూనా, బోర్ నమూనా అని వరసగా బట్టీ పడుతోంది. ఒక్కోదాని కింద మళ్ళీ ‘లోపాలు’ రాయాలట. “తప్పని వాళ్ళే చెప్తుంటే నేనెందుకమ్మా చదవాలి?” అని నిన్న పుస్తకం మూసేసింది. ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: పాప అడిగింది న్యాయమైన ప్రశ్నేనమ్మా, తిట్టకండి. నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినన్నాళ్ళూ ఏటా ఎవరో ఒకరు ఇదే అడిగేవాళ్ళు. తప్పంతా ఆ ‘లోపాలు’ అనే హెడ్డింగ్‌ది. అది చదివితే థామ్సన్ ఏదో తెలివి తక్కువ మనిషి అనిపిస్తుంది.

డాల్టన్ రోజుల నుంచీ పరమాణువంటే ముక్కలు చెయ్యలేని గుండు. 1897లో థామ్సన్ దాని లోపల ఎలక్ట్రాన్ ఉందని తేల్చాడు. ఎలక్ట్రాన్‌ది రుణావేశం, పరమాణువుకి మొత్తం మీద ఏ ఆవేశమూ లేదు, అంటే లోపల ధనావేశం కూడా ఉండి తీరాలి. ఎక్కడుందో చూపే ప్రయోగం అప్పటికి లేదు కాబట్టి అంతటా పరుచుకుని ఉందనుకున్నాడు. పుస్తకాల్లో పుచ్చకాయతో పోలుస్తారు గానీ నాకు మన కొండ మీది లడ్డూయే నయమనిపిస్తుంది: బూందీ అంతా ధనావేశం, నడుమ నడుమ ఎండుద్రాక్షల్లాగా ఎలక్ట్రాన్లు. చేతిలో ఉన్న ఆధారాలకి అదేమీ చెడ్డ ఊహ కాదు.

ఇక 1909, మాంచెస్టర్. గైగర్, ఇరవై ఏళ్ళ కుర్రాడు మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని, కళ్ళు ఆ చీకటికి అలవాటు పడ్డాక, మైక్రోస్కోప్‌లోంచి ఒక చిన్న తెరని చూస్తూ ఉండేవాళ్ళు. ఆల్ఫా కణం (రేడియోధార్మిక పదార్థాల్లోంచి వేగంగా దూసుకొచ్చే ధనావేశపు కణం) తగిలినప్పుడల్లా తెర మీద చుక్కంత మెరుపు, దాన్ని లెక్కపెట్టుకోవడమే పని. పల్చటి బంగారు రేకు మీదికి వదిలిన కణాల్లో దాదాపు అన్నీ నేరుగానో, కాస్త పక్కకి ఒరిగో వెళ్ళిపోయాయి. వేలల్లో ఒకటి మాత్రం వెనక్కి తిరిగొచ్చింది! లడ్డూలాగా పల్చగా పరుచుకున్న ఆవేశానికి అంత బలం ఎక్కడిది? అదంతా ఒక్కచోట ముద్దగా ఉంటే తప్ప కుదరదని 1911లో వాళ్ళ ప్రొఫెసర్ రూథర్‌ఫర్డ్ లెక్క కట్టాడు. ఆ ముద్దే కేంద్రకం, ఎలక్ట్రాన్లు దాని చుట్టూ తిరుగుతాయన్నమాట. ఈయన థామ్సన్ శిష్యుడే. బంగారం కేంద్రకం ఆవగింజంత అనుకుంటే, పరమాణువు మన గోవిందరాజస్వామి గుడి రాజగోపురం ఎత్తంత ఉంటుంది.

ఇక్కడ ఇంకో చిక్కు. అప్పటి భౌతికశాస్త్రం ప్రకారం అలా గుండ్రంగా తిరిగే ఎలక్ట్రాన్ కాంతిని వదులుతూ శక్తి పోగొట్టుకుని, కన్ను మూసి తెరిచేలోగా కేంద్రకంలో పడిపోవాలి. అప్పుడు మీరూ, నేనూ, చిత్తూరు మామిడీ ఏదీ ఉండదు. 1913లో బోర్ మొండిగా, కొన్ని కక్ష్యల్లోనే తిరుగుతుంది, అక్కడ ఉన్నంతసేపూ శక్తి పోదు అన్నాడు. ఎందుకు పోదంటే అప్పటికి సరైన సమాధానం లేదు. కానీ హైడ్రోజన్ కాంతిలో 656 నానోమీటర్ల దగ్గర కనిపించే ఎర్ర గీత మూడో కక్ష్య నుంచి రెండోదానికి దూకితే వచ్చేదని ఆ లెక్కలోనే తేలింది. రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క తప్పింది.

1926లో ష్రోడింగర్ సమీకరణంతో కక్ష్యలే పోయాయి, ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంత అన్నదే మిగిలింది. పాపకి ముఖ్యంగా చెప్పాల్సింది ఇదీ: ఆ సమీకరణాన్ని హైడ్రోజన్‌కి వాడితే ఎలక్ట్రాన్‌ని ఊడబెరకడానికి కావలసిన శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులని వస్తుంది, బోర్ చెప్పిందీ అంతే. ఎలక్ట్రాన్ ఎక్కువగా దొరికే దూరం కూడా బోర్ మొదటి కక్ష్య వ్యాసార్థమే, 0.053 నానోమీటర్లు. బొమ్మ పోయింది, లెక్క నిలిచింది. ఇంటర్ మొదటి ఏడాది కెమిస్ట్రీలో పాప మళ్ళీ ఆ అంకెలతోనే కుస్తీ పడుతుంది. (1932లో దొరికిన న్యూట్రాన్ సంగతి వేరే కథ, ఇంకోసారి అడగండి.)

ఈసారి చదివేటప్పుడు ‘లోపాలు’ దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోమనండి: ఈయన్ని ఇలా అనుకునేలా చేసిన ప్రయోగం ఏది, తర్వాత ఏ ప్రయోగం దగ్గర ఆగిపోయాడు? పరీక్షలో మాత్రం హెడ్డింగ్ ‘లోపాలు’ అనే పెట్టమనండి, దిద్దేవాళ్ళు ఆ మాట కోసమే వెతుకుతారు.