‘హాయ్ గైస్’లో మీరు కూడా ఉన్నారండీ

డిక్షనరీలో ‘గై’ అంటే మగవాడు అని చూసుకోవడం వల్లే మీకు ఈ టెన్షన్. టీమ్‌లో ఒక్కదాన్నే ఆడపిల్లని, మేనేజర్ మెయిల్‌లో ‘హాయ్ గైస్’ అని రాస్తే నన్ను వదిలేసినట్టేనా అన్నారు కదా, లేదండీ.

1. అందరూ చూడకుండా దాటేసేది ఇదే: అది పిలుపా, కాదా? ‘ఎ గై’ అంటే మగవాడే. పిలుపులో ‘గైస్’ అంటే మన విజయనగరంలో గుమ్మంలోంచి ‘ఏటర్రా’ అని కేకేసినట్టు, ఆడా మగా అందరూ పలుకుతారు. అదే ‘త్రీ గైస్ వచ్చారు’ అంటే మళ్లీ మగవాళ్లే అనుకుంటారు.

2. పుట్టుక: 1605లో లండన్ పార్లమెంటు కింద మందుగుండుతో పట్టుబడిన గై ఫాక్స్. మనం నరకాసురుణ్ణి కాల్చినట్టు అక్కడ నవంబర్ 5న అతని బొమ్మను కాలుస్తారు, ఆ బొమ్మే ‘గై’. తర్వాత ఆ మాటకి అర్థం వింత బట్టల మనిషి అయింది, ఆపైన అమెరికాలో మామూలు మనిషి.

3. పందిరి గుంజను లాగి కట్టే ‘గై రోప్’ వేరే మాట.

నచ్చకపోతే జవాబులో మీరు ‘హాయ్ ఆల్’ అని రాయండి.