మేస్త్రీ మళ్లీ వస్తున్నాడు

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా ఆయన ఎర్రచందనం కేసులో రెండేళ్లకు పైగా కడప సెంట్రల్ జైల్లో ఉండి నాలుగు నెలల కిందట ఇంటికి వచ్చాడు. ఎక్కడా పని ఇవ్వడం లేదు. రాత్రిళ్లు నిద్రపోకుండా వసారాలో కూర్చుంటాడు. వకీలు ఫీజు కోసం తెచ్చిన 80 వేలకు మూడు రూపాయల వడ్డీ కడుతున్నాం. అప్పట్లో అడవికి తీసుకెళ్లిన మేస్త్రీ 30 వేలు అడ్వాన్సు ఇస్తానని రెండుసార్లు వచ్చిపోయాడు. భయపడి రోజూ ఆయన ఫోన్ చూస్తున్నాను, దానిమీద గొడవలు. స్టేషన్ నుంచి నన్నూ రమ్మని కబురు వచ్చింది. నాన్న కువైట్ వెళ్లాడని పాపకు చెప్పాం, బడిలో నిజం తెలిసిపోయింది. ఇప్పుడు ఆయన దగ్గరికి పోవడం లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే నా మనసు ఆ 80 వేల దగ్గర ఆగిపోయింది. నెలకు 2,400 వడ్డీ, ఇంట్లో సంపాదన లేదు. మేస్త్రీకి ఈ లెక్క బాగా తెలుసు. ఆ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడికి ఇక కాదనే అవకాశం ఉండదు. గొడ్డలి పట్టుకుని శేషాచలం ఎక్కినవాడు దొరుకుతాడు, డబ్బిచ్చినవాడు ఊళ్లోనే ఉంటాడు. 2016లో అటవీ చట్టం మార్చాక శిక్షలు పెరిగాయి. మళ్లీ మళ్లీ దొరికేవాళ్లమీద పీడీ యాక్టు పెడితే విచారణ లేకుండానే 12 నెలల దాకా లోపల ఉంచవచ్చు. మీ ఆయనకు ఇవన్నీ తెలుసు. తెలిసీ ఒప్పుకునేలా చేసేది ఆ అప్పే. అందుకే ముందు అప్పు సంగతి చూడండి. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లోను తీసుకుని ఈ వడ్డీ అప్పు తీర్చేయండి. ఒక్కసారిగా కుదరకపోతే సగమైనా తీర్చండి.

ఫోన్ చూడటం మానేయండి. మీ భయం నాకు అర్థమవుతోంది, కానీ రెండేళ్లు కాపలాలో బతికిన మనిషికి ఇంట్లోనూ కాపలా ఉంటే ఇల్లు మీద ఆశ పోతుంది. "ఈసారి మేస్త్రీ వస్తే నాతో చెప్పు, ఇద్దరం కలిసే జవాబు చెబుదాం" అని నేరుగా అనండి. నిద్ర గురించి కూడా చెబుతాను. జైల్లో లేవడం, తినడం, తాళం పడటం అన్నీ వేరేవాళ్లు చెప్పిన టైముకే. బయటికి వచ్చాక రోజంతా ఖాళీగా ఎదురుగా నిలబడితే చాలామంది ఇలాగే వసారా పట్టుకుని కూర్చుంటారు. కోపగించుకోకండి. పక్కన కాసేపు ఊరికే కూర్చోండి. ఇంకో నెల ఇలాగే ఉంటే ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి.

పని విషయంలో ఒక్క జాగ్రత్త. సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలకు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, ముందుగా అటు పంపకండి. ఇప్పటికే కుంగిపోయి ఉన్న మనిషికి "నువ్వు పనికిరావు" అన్న మాట మళ్లీ వినిపించకూడదు. జైల్లో ఏ పని చేశాడో అడగండి. వంటశాలలో చేసి ఉంటే వందల మందికి వండిన చెయ్యి అది, తిరుపతిలో పెళ్లిళ్ల వంట బృందాలకు మనుషులు ఎప్పుడూ కావాలి. బంధువుల్లో నలుగురు నమ్మే మనిషిని వెంట పంపి, కేసు సంగతి మొదటి రోజే చెప్పించండి. దాచి చేరితే, ఎవరో చెప్పిన రోజు పనీ పోతుంది, పరువూ పోతుంది.

స్టేషన్ గురించి. మిమ్మల్ని సాక్షిగా విచారించాలంటే ఇంటికే వచ్చి అడగాలి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ ఆడవాళ్లకు ఆ రక్షణ ఉంది. ఆయనమీద వేరే కేసులు ఇంకా నడుస్తున్నాయేమో కూడా కనుక్కోండి. ఒక్క వాయిదాకు వెళ్లకపోయినా వారెంటు రావచ్చు. దీనికి వకీలును మళ్లీ డబ్బులిచ్చి పెట్టుకోవద్దు. న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును ఇస్తారు. చిత్తూరు జిల్లా కోర్టు దాకా పోలేకపోతే 15100కు ఫోన్ చేయండి.

పాపను తొందరపెట్టకండి. కువైట్ మాట అబద్ధమని తనకు తెలిసింది కాబట్టి ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లందరి మాటమీదా అనుమానమే. "నాన్న తప్పు చేశాడు, శిక్ష అనుభవించి వచ్చాడు" అన్న మాట ఆయన నోటితోనే రావాలి, మీరు పక్కన ఉండండి. తర్వాత రోజూ బడి దాకా ఆయన్నే దిగబెట్టనివ్వండి. మొదట్లో నాలుగడుగులు ముందు నడుస్తుంది, నడవనివ్వండి.